బడి భవనాల స్థితిగతులు: విద్యార్థులు, ఉపాధ్యాయులపై ప్రభావం

బడి భవనం అన్నప్పుడు తరగతి గదులతో పాటు పైకప్పు, కిటికీలు, నేల, కరెంటు, మంచినీళ్లు, మరుగుదొడ్లు, వంటగది, ప్రహరీ, ఆటస్థలం అన్నీ లెక్కలోకి వస్తాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి 200, ఆరు నుంచి ఎనిమిది దాకా 220 పనిదినాలు బడి నడవాలి. అన్ని రోజులు గడిపే చోటు ఎలా ఉందన్నది పిల్లల ఆరోగ్యం మీద, హాజరు మీద, చదువు మీద, ఒక్కోసారి ప్రాణాల మీదే ప్రభావం చూపుతుంది. ఉపాధ్యాయుల గొంతు మీద, ఓపిక మీద, ఆ బడిలో కొనసాగాలన్న ఇష్టం మీద కూడా చూపుతుంది. గత యాభై ఏళ్లలో పలు దేశాల్లో జరిగిన పరిశోధనలు ఈ మాటే చెబుతున్నాయి. ఆ ప్రభావం ఎంత, ఏ సదుపాయం వల్ల ఎక్కువ అన్న దగ్గర మాత్రం వాటి మధ్య తేడాలున్నాయి.

చరిత్ర

తెలుగునాట పాత వీధి బడులకు సొంత కట్టడమంటూ చాలాచోట్ల ఉండేది కాదు. ఊరి పెద్ద ఇంటి అరుగు, గుడి మండపం, చావడి, చెట్టు నీడ, ఇలా పంతులుగారు ఎక్కడ కూర్చుంటే అదే బడి. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించేవారు. వాన పడితే ఆ రోజుకు చదువు లేనట్టే.

బడి కోసం ప్రత్యేకంగా ఆలోచించి కట్టాలన్న పట్టుదల పంతొమ్మిదో శతాబ్దంలో బలపడింది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో విద్యా సంస్కర్త హొరేస్ మాన్ 1838లో బడి ఇళ్ల మీద ఒక ప్రత్యేక నివేదిక రాశాడు. గాలి ఆడని గదులు, కుదురుగా కూర్చోనివ్వని బల్లలు పిల్లల ఒంటిని, చదువును కలిపి దెబ్బతీస్తున్నాయన్నది అందులో ఆయన వాదన. లండన్ స్కూల్ బోర్డు వాస్తుశిల్పి ఇ.ఆర్. రాబ్సన్ 1874లో ‘స్కూల్ ఆర్కిటెక్చర్’ అన్న పుస్తకం వెలువరించాడు. పిల్లలు కూర్చునే చోటికి వెలుతురు ఎటు నుంచి రావాలి, గది లోతు ఎంత ఉండాలి అన్న ప్రశ్నలు అప్పటి నుంచే వాస్తుశిల్పులకు పనిగా మారాయి.

మన దేశంలో 1986 జాతీయ విద్యా విధానం తర్వాత, 1987లో ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ మొదలైంది. ఎండకూ వానకూ తట్టుకునే రెండు గదులు, ఒక వరండా, బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు, కనీసం ఇద్దరు టీచర్లు, అవసరమైన బోధన సామగ్రి ప్రతి ప్రాథమిక పాఠశాలకూ ఉండాలన్నది దాని లక్ష్యం. స్వాతంత్ర్యం వచ్చిన నలభై ఏళ్లకు కూడా ఇంత చిన్న కోరికను జాతీయ లక్ష్యంగా పెట్టుకోవలసి వచ్చిందంటే అప్పటి బడుల స్థితి ఊహించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1980లలో మొదలై 1996 దాకా నడిచిన ప్రాథమిక విద్యా ప్రాజెక్టు (అప్పటి ఉపాధ్యాయులు ‘అప్పెప్’ అనేవారు) శిక్షణనూ గదుల నిర్మాణాన్నీ జంటగా నడిపింది. తర్వాత 1994లో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ), 2001లో సర్వశిక్షా అభియాన్ వచ్చాయి. ఇప్పుడు చాలా గ్రామాల్లో కనిపించే అదనపు తరగతి గదులు ఎక్కువగా ఆ కాలంలో కట్టినవే.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం తన అనుబంధంలో భవనానికి ప్రమాణాలు రాసిపెట్టింది. ప్రతి టీచరుకూ ఒక గది, ప్రధానోపాధ్యాయుడికి కార్యాలయంగానూ సామాను గదిగానూ పనికొచ్చే మరో గది, వికలాంగ పిల్లలు ఆటంకం లేకుండా లోపలికి రాగల దారి, బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు, సురక్షితమైన తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ లేదా కంచె ఉండి తీరాలంది. వాటిని సమకూర్చుకోవడానికి మూడేళ్ల గడువు ఇచ్చింది. ఆ గడువు 2013లోనే ముగిసింది. కేంద్ర విద్యాశాఖ 2023-24 యూడైస్ ప్లస్ లెక్కల్లో చేతి పట్టీలున్న ర్యాంపులు దేశంలో 52.3 శాతం బడుల్లోనే ఉన్నాయి. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లవాడికి దాదాపు సగం బడుల గడప ఇంకా దాటరానిదే.

ప్రాణభద్రత

భవనం చేసే మేలును కొలవడానికి పరిశోధనలు కావాలి. అది చేసే కీడు మాత్రం ఒక్కోసారి ఏ కొలతా అక్కర్లేకుండా కళ్లముందుకు వస్తుంది. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక ప్రైవేటు బడి వంటగదిలో పుట్టిన నిప్పు పైఅంతస్తు తాటాకు కప్పుకు అంటుకుంది. 94 మంది పిల్లలు చనిపోయారు. ఇరుకు మెట్లు, బయటపడే దారి లేకపోవడం, ఒకే భవనంలో పరిమితికి మించి పిల్లలను నింపడం వల్ల ప్రాణనష్టం అంతగా పెరిగింది. ఈ ఘటన తర్వాత అవినాశ్ మెహ్రోత్రా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 13న తీర్పు ఇస్తూ, సురక్షితమైన బడిలో చదువుకోవడం విద్యాహక్కులో భాగమేనని స్పష్టం చేసింది. అగ్నిమాపక పరికరాలు, జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం తనిఖీలు ఉండాలని ఆదేశించింది. అయినా 2019 మే 24న సూరత్‌లో వాణిజ్య సముదాయం పైఅంతస్తులో నడుస్తున్న ఒక కోచింగ్ కేంద్రంలో మంటలు రేగి 22 మంది విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. మన నగరాల్లో దుకాణాల మీద, అపార్టుమెంటు తరహా భవనాల్లో నడిచే ప్రైవేటు బడులను, కాలేజీలను చూసినప్పుడు ఈ రెండు ఘటనలూ గుర్తుకు రావాలి.

2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో ప్రభుత్వ పాఠశాల పైకప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. పైనుంచి రాళ్లు రాలుతున్నాయని పిల్లలు ముందే చెప్పారని అప్పటి పత్రికలు రాశాయి. కూలేముందు భవనాలు చాలావరకు ఇలా సూచనలు ఇస్తూనే ఉంటాయి.

ఆ సూచనలను అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. స్లాబు మీద రాలిన ఆకులు పేరుకుని నీళ్లు పోయే గొట్టం మూసుకుపోతుంది. వాననీరు నిలుస్తుంది, నెమ్మదిగా కాంక్రీటులోకి ఇంకి ఇనుప చువ్వలను తాకుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి చువ్వ ఉబ్బి, కింది కాంక్రీటును బయటికి నెట్టేస్తుంది. పెచ్చులు ఊడి చువ్వలు తేలడం అంటే ఇదే. కోస్తా గ్రామాల్లో ఉప్పుగాలి ఈ పనిని మరింత తొందరగా చేస్తుంది. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది కాబట్టి అక్కడి గోడలకు బీటలు వస్తాయి. పిట్టగోడ పగులులో మొలిచిన రావి మొక్క నాలుగేళ్లలో ఆ గోడను చీల్చగలదు. పెచ్చులూడిన చోట సిమెంటు పూసి పైన రంగు వేస్తే మచ్చ కనబడకుండా పోతుంది, లోపలి తుప్పు ఆగదు. పరీక్ష చేయకుండా వేసే ఆ రంగు ప్రమాదాన్ని దాచిపెడుతుంది కనుక పెచ్చులకంటే అదే ఎక్కువ అపాయం.

భూకంపాల సంగతి వేరు. 2001 జనవరి 26 నాటి గుజరాత్‌లోని భుజ్ భూకంపంలో వందలాది మంది విద్యార్థులు, వారితో పాటు ఉపాధ్యాయులూ చనిపోయారు. 2008 మే 12న చైనాలోని సిచువాన్‌లో వచ్చిన భూకంపంలో 5,335 మంది విద్యార్థులు మరణించారని లేదా గల్లంతయ్యారని అక్కడి అధికారులు ప్రకటించారు. కాలిఫోర్నియాలో 1933 మార్చి 10న లాంగ్ బీచ్ భూకంపం సాయంత్రం పూట వచ్చింది. సుమారు 70 బడులు నేలమట్టమయ్యాయి, కానీ చాలామంది పిల్లలు అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు. బడి వేళ అయి ఉంటే ఏమయ్యేదో ఊహించిన శాసనసభ నెల తిరిగేసరికి, ఏప్రిల్ 10న, ఫీల్డ్ చట్టం తెచ్చి బడి కట్టడాల డిజైనునూ పనినీ కచ్చితమైన పర్యవేక్షణ కిందికి తెచ్చింది. పిల్లలు పెద్ద సంఖ్యలో చనిపోకముందే చట్టం కదిలిన అరుదైన సందర్భమిది.

వేడి, గాలి, వెలుతురు, శబ్దం

తెలుగు రాష్ట్రాల బడి క్యాలెండరే వేడిని ఒప్పుకుని తయారైంది. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు, ఏప్రిల్ చివరి వారం నుంచి వేసవి సెలవులు, జూన్ 12న తిరిగి ప్రారంభం. అయితే జూన్‌లో వానలు ఆలస్యమైన ఏడు రేకుల షెడ్డులో కూర్చున్న పిల్లలకు ఆ క్యాలెండరు ఎంతో ఆసరా కాదు. మిట్టమధ్యాహ్నం రేకు కింద ఫ్యాను వేడిగాలినే తిప్పుతుంది.

వేడికీ చదువుకూ ఉన్న సంబంధం మీద జాషువా గుడ్‌మన్, జిసుంగ్ పార్క్ తదితరులు 2020లో ప్రచురించిన అధ్యయనం పేరుపొందింది. కోటి మంది అమెరికా విద్యార్థుల పరీక్ష ఫలితాలు పరిశీలించి, ఏసీ లేని బడుల్లో ఒక విద్యా సంవత్సరం ఒక డిగ్రీ ఫారన్‌హీట్ ఎక్కువ వేడిగా ఉంటే ఆ ఏడాది నేర్చుకునేది సుమారు ఒక శాతం తగ్గుతుందని వారు లెక్కగట్టారు. ఏసీ ఉన్న చోట ఆ నష్టం దాదాపు కనబడలేదు. భారత్ మీద గర్గ్, జగ్నానీ, తరాజ్ అదే ఏడాది ప్రచురించిన అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించిన ‘యంగ్ లైవ్స్’ సమాచారాన్నీ వాడుకుంది. సగటు ఉష్ణోగ్రత 29 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజులు పెరిగిన కొద్దీ తర్వాతి ఏడాది లెక్కల్లో, చదవడంలో మార్కులు తగ్గాయని చూపింది. అయితే దానికి ముఖ్య కారణం గది వేడి కన్నా పంట దెబ్బతిని ఇంటి రాబడి పడిపోవడమేనని తేల్చింది. ఈ తేడా మనం గమనించాలి. మన పిల్లల మీద వేడి పొలం నుంచీ పడుతుంది, పైకప్పు నుంచీ పడుతుంది. మొదటిదాన్ని బడి ఆపలేదు, రెండోదాన్ని ఆపగలదు. స్లాబు మీద సున్నం గానీ తెల్లని పూత గానీ వేయడం, ఎదురెదురు కిటికీలు, పడమటి గోడ వైపు చెట్లు వంటివి పెద్ద ఖర్చు లేని పనులు. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. అది ముందు చేరవలసింది బడులకే.

మూసిన గదిలో జనం ఎక్కువైతే ఊపిరి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడు పెరిగి మగత కమ్ముతుంది, ధ్యాస చెదురుతుంది. కిటికీలు తెరిచి ఉండే పల్లె బడిలో ఈ సమస్య తక్కువ. నగరాల్లో ఏసీ వేసి, కిటికీలు బిగించి, గదికి అరవై మందిని కూర్చోబెట్టే చోట ఎక్కువ. ఫీజు ఎక్కువైనంత మాత్రాన గాలి మంచిదవదు.

వెలుతురు విషయంలో ఆధారాలు కొంత ఊగిసలాడాయి. 1999లో హెషాంగ్ మహోన్ సంస్థ కాలిఫోర్నియాలో చేసిన అధ్యయనం పగటి వెలుతురు బాగా ఉన్న గదుల్లో పిల్లలు లెక్కల్లో 20 శాతం, చదవడంలో 26 శాతం వేగంగా ముందుకు సాగారని చెప్పింది. అదే బృందం తర్వాత మరోచోట చేసిన పరిశీలనలో అంత స్పష్టమైన ఫలితం రాలేదు. బ్రిటన్‌లో సాల్ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ బారెట్ బృందం 27 బడుల్లోని 153 గదులను, 3,766 మంది పిల్లలను పరిశీలించి 2015లో నివేదిక ఇచ్చింది. ఏడాదిలో పిల్లల ప్రగతిలో కనిపించిన తేడాల్లో 16 శాతం గది స్వరూపంతో ముడిపడి ఉందని, అందులో వెలుతురు, ఉష్ణోగ్రత, గాలి నాణ్యతల వాటాయే పెద్దదని అది తేల్చింది.

శబ్దం మీద మాత్రం చాలా తేటగా కనిపించే ఉదాహరణ ఒకటుంది. న్యూయార్క్‌లోని మాన్‌హట్టన్‌లో పీఎస్ 98 అనే బడి పక్కనే ఎత్తైన వంతెన మీద రైళ్లు పోయేవి. పట్టాల వైపు గదుల్లో చదివిన పిల్లలు అవతలి వైపు పిల్లలకంటే చదవడంలో వెనకబడ్డారని అర్లీన్ బ్రాంజాఫ్ట్, డెన్నిస్ మెకార్తీ 1975లో చూపించారు. పై తరగతుల్లో ఆ తేడా ఏడాది దాకా ఉంది. తర్వాత పట్టాల కింద రబ్బరు మెత్తలు వేశారు, గదుల్లో శబ్దాన్ని పీల్చే పలకలు అమర్చారు. 1981లో మళ్లీ చూస్తే రెండు వైపులా పిల్లలు సమానంగా ఉన్నారు. అదే బడి, అదే పాఠం. చప్పుడు తగ్గగానే వెనుకబాటూ పోయింది.

మరుగుదొడ్లు, నీళ్లు

బడిలో మరుగుదొడ్డి లేకపోతే ఆడపిల్ల ఉదయం నుంచి నీళ్లు తాగకుండా ఉంటుంది. ఇది తెలుగు రాష్ట్రాల్లో ఏ టీచరమ్మను అడిగినా చెప్పే మాట, చాలామంది టీచరమ్మల అనుభవం కూడా. నెలసరి రోజుల్లో బడికి రాకపోవడం దీనికి కొనసాగింపు. అంజలి అడూకియా దేశవ్యాప్త బడి మరుగుదొడ్ల నిర్మాణ కార్యక్రమాన్ని పరిశీలించి 2017లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో ముఖ్యమైనది. ఏ మరుగుదొడ్డి కట్టినా చిన్న పిల్లల చేరికలు పెరిగాయి. ఈడొచ్చిన ఆడపిల్లల విషయంలో మాత్రం వాళ్లకంటూ వేరుగా కట్టిన చోటే ప్రధానంగా ఫలితం కనబడింది. పరీక్షల మార్కులు పెరగలేదు. అలాగని ఆ నిర్మాణం వృథా అనలేం. బడి మానాల్సిన పిల్ల బడిలోనే ఉండటం మార్కుల పట్టికలో కనబడని లాభం.

2012 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆరు నెలల్లో అన్ని బడుల్లో మరుగుదొడ్లు, తాగునీరు ఉండాలని ఆదేశించింది. 2014 తర్వాత స్వచ్ఛ విద్యాలయ కార్యక్రమం కింద ఏడాదిలో 4.17 లక్షల మరుగుదొడ్లు కట్టినట్టు కేంద్రం ప్రకటించింది. వాటిలో ప్రభుత్వ రంగ సంస్థలు కట్టినవాటిని కాగ్ తనిఖీ చేసినప్పుడు, చూసినవాటిలో ఎక్కువ భాగానికి లోపల నీటి వసతే లేదని తేలింది. నీళ్లు లేని మరుగుదొడ్డికి కొన్నాళ్లకే తాళం పడుతుంది. లెక్కల్లో మాత్రం అది ఉన్నట్టే ఉంటుంది.

ఉపాధ్యాయుల మీద ప్రభావం

బడి భవనాల చర్చలో టీచర్లను చాలాసార్లు మరిచిపోతాం. ఉరిసే గదిని ఖాళీ చేసి రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టినప్పుడు పాఠం రెండు ముక్కలవుతుంది. ఒక తరగతికి లెక్కలు చెబుతుంటే పక్క తరగతి ఎక్కాలు వల్లిస్తుంటుంది. ఆ రెండింటి మీదా వినబడేలా మాట్లాడాల్సింది టీచరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరగతి గదిలో నేపథ్య శబ్దం 35 డెసిబెల్స్ దాటకూడదని 1999లో సూచించింది. మన రోడ్డు పక్క బడుల్లో అది దాదాపు అసాధ్యం. గొంతు సమస్యలు ఉపాధ్యాయుల్లో ఎక్కువ అని అమెరికాలో 2004లో నెల్సన్ రాయ్ బృందం చూపింది. అధ్యయనం జరిగే నాటికి గొంతు ఇబ్బంది పడుతున్నవాళ్లు ఉపాధ్యాయుల్లో 11 శాతం, ఇతర వృత్తుల్లో 6.2 శాతం.

భవనం బాగుంటే టీచరు నిలుస్తారా? వాషింగ్టన్ నగర ఉపాధ్యాయుల మీద బక్లీ, ష్నైడర్, షాంగ్ చేసిన అధ్యయనం అవునంది. అక్కడ ఉద్యోగం మానాలా వద్దా అన్న నిర్ణయంలో భవన నాణ్యత జీతం పెంపుతో పోల్చదగినంత బరువున్న కారణమైంది. భారత్‌లో మైకేల్ క్రెమర్, కార్తీక్ మురళీధరన్ తదితరులు 2003లో హెచ్చరిక లేకుండా బడులకు వెళ్లి చూసిన సర్వేలో, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో నలుగురిలో ఒక టీచరు బడిలో లేరు. సదుపాయాలు మెరుగ్గా ఉన్న బడుల్లో గైర్హాజరు తక్కువగా ఉంది. టీచర్ల గైర్హాజరును క్రమశిక్షణ సమస్యగానే చూసేవాళ్లు ఈ రెండో వాక్యాన్ని వదిలేస్తుంటారు. మండల కేంద్రం నుంచి రెండు బస్సులు మారి వచ్చే టీచరమ్మకు సాయంత్రం దాకా వాడుకోదగ్గ మరుగుదొడ్డి లేదంటే, ఆ బడి నుంచి ఆమె బదిలీ కోరుకోవడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

తెలుగు రాష్ట్రాల పథకాలు

ఆంధ్రప్రదేశ్‌లో ‘మన బడి నాడు-నేడు’ 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైంది. మొదటి విడతలో 15,715 బడులను తీసుకున్నారు. నీటి వసతి ఉన్న మరుగుదొడ్లు, తాగునీరు, మరమ్మతులు, ఫ్యాన్లు, ట్యూబులైట్లు, బల్లలు, ఆకుపచ్చ బోర్డులు, రంగులు, ప్రహరీలు అందులో ఉన్నాయి. పనులను గుత్తేదారులకు వదలకుండా తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించడం దీని ప్రత్యేకత. పిల్లలను బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చిన అమ్మఒడి సొమ్ము నుంచి తల్లికి వెయ్యి రూపాయలు మినహాయించి మరుగుదొడ్ల నిర్వహణ నిధి ఏర్పరిచారు. నిర్వహణకు విడిగా డబ్బు కావాలన్న గుర్తింపు సరైనది. ఆ భారాన్ని ఖజానా మోయకుండా తల్లుల మీద వేయడం సరైనది కాదు. రెండో విడతలో మొదలైన పనులు చాలాచోట్ల పూర్తికాకుండా నిలిచాయి.

తెలంగాణలో ‘మన ఊరు-మన బడి’ 2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభమైంది. 26,065 బడులకు రూ.7,289 కోట్లు అంచనా వేసి, తొలి విడతగా 9,123 బడులను ఎంచుకున్నారు. 2024లో మహిళా సంఘాలతో కూడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మరమ్మతుల బాధ్యత ఇచ్చారు. అదే ఏడాది ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత కరెంటు ప్రకటించారు. బిల్లు కట్టలేక ఫ్యాన్లు ఆగిపోయే దుస్థితికి ఈ చివరి నిర్ణయం సూటిగా జవాబిచ్చింది.

దేనికి ఖర్చు పెట్టాలి

కొత్త కట్టడాలన్నీ ఒకే ఫలితం ఇవ్వవు. ఇండోనేషియా 1973-74 నుంచి 1978-79 మధ్య 61,000కు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టింది. దాని వల్ల ఆ తరం పిల్లలు ఎక్కువ ఏళ్లు చదివారని, పెద్దయ్యాక ఎక్కువ సంపాదించారని ఎస్తేర్ డఫ్లో 2001లో చూపింది. బడే లేని చోట బడి కట్టడం అంత మేలు చేస్తుంది. బడి ఉన్న చోట దాన్ని బాగుచేయడం గురించి పాల్ గ్లెవీ తదితరులు వర్ధమాన దేశాల పరిశోధనలన్నీ సమీక్షించి చెప్పింది చాలా సాదాగా ఉంటుంది: మంచి కప్పు, గోడలు, నేల, బల్లలు, కుర్చీలు, గ్రంథాలయం ఉన్న బడి చదువుకు తోడ్పడుతుంది. అమెరికాలో బార్బరా బియాసీ బృందం 2024లో మరో అడుగు ముందుకేసింది. గాలి, ఉష్ణోగ్రతల నియంత్రణ మీద, హానికర పదార్థాల తొలగింపు మీద పెట్టిన ఖర్చు మార్కులు పెంచింది. క్రీడా మైదానాల మీద పెట్టినది చుట్టుపక్కల ఇళ్ల ధరలు పెంచింది, మార్కులను కాదు.

మన దగ్గర అసలు లోటు నిర్వహణలో ఉంది. కేంద్ర పథకం సమగ్ర శిక్ష కింద ముప్పై మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి అందే కాంపోజిట్ గ్రాంటు పది వేల రూపాయలు. వెయ్యి మంది దాటిన బడికి లక్ష. సుద్దముక్కల నుంచి కుళాయి మరమ్మతు దాకా అన్నీ అందులోనే. గది కట్టడానికి లక్షలు ఇచ్చి, దాని మీద నిలిచిన నీళ్లు తోడించడానికి వందలు కూడా మిగల్చని పద్ధతి ఇది. పథకాల పేర్లు మారుతున్నా ఈ పద్ధతి మారలేదు. కట్టిన ఖర్చులో కొంత శాతాన్ని ఏటా నిర్వహణకు తప్పనిసరిగా కేటాయించే నియమం వచ్చేదాకా, ఈ రోజు మెరుస్తున్న గదులు పదేళ్లకు మళ్లీ శిథిలాల జాబితాలో చేరతాయి.

ఆ నియమం వచ్చేలోగా చేయగలిగినవి కొన్నున్నాయి. జూన్ 12కు ముందే ప్రతి బడి కమిటీ ఒక ఇంజనీరును వెంటబెట్టుకుని స్లాబు ఎక్కి చూడాలి. నీళ్లు పోయే గొట్టాలు శుభ్రం చేయించాలి. మరుగుదొడ్డిలో కుళాయి తిప్పి నీళ్లు వస్తున్నాయో లేదో చూడాలి. చువ్వలు తేలిన గదిలో పిల్లలను కూర్చోబెట్టకుండా తాళం వేసి, ఆ సంగతి మండల విద్యాశాఖాధికారికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి.